బూడిద దిబ్బ మీదుగా

1959 జూలైలో నన్ను బిట్రగుంట లోకో షెడ్డుకు అసిస్టెంట్ లోకో ఫోర్‌మన్‌గా వేశారు. అప్పటికి నాకు ఇరవై ఏడేళ్లు. లోకో షెడ్డు అంటే ఆవిరి ఇంజన్లు ప్రయాణం ముగించుకుని వచ్చి, బూడిద దులుపుకుని, బొగ్గూ నీళ్లూ నింపుకుని, చిన్నాపెద్దా మరమ్మతులు చేయించుకుని మళ్లీ బండికి సిద్ధమయ్యే చోటు. షెడ్డుకు అధిపతి ఫోర్‌మన్. ఆయన కింద నేను. నా కింద చార్జ్‌మన్లు, ఫిట్టర్లు, బాయిలరు పనివాళ్లు, అందరికంటే కింద ఖలాసీలు. ఏ ఇంజను ఏ బండికి ఎన్ని గంటలకు కావాలో నల్లబల్ల మీద రాయడం, ఆ వేళకు అది నిజంగా బయలుదేరేలా చూడడం నా పని. బండి ఆలస్యమై, తప్పు షెడ్డుదని తేలితే సంజాయిషీ రాయవలసింది నేనే.

అయితే ఇప్పుడు రాస్తున్నది ఇంజన్ల సంగతి కాదు. ఆ ఊళ్లో నేను నేర్చుకున్న ఒక దెబ్బ సంగతి. గోల్ఫ్ ఆటలో బంతిని దూరం పంపడానికి కాకుండా, ఎత్తుగా లేపి పడినచోటే ఆగేటట్టు మెత్తగా దించడానికి ఒక దెబ్బ ఉంది. లాబ్ అంటారు. చూడడానికి ఆ ఆటలో అంత తేలికైనది మరొకటి లేదు. నా సర్వీసులో బాయిలరు పరీక్షలు, సిగ్నలు నిబంధనల పరీక్షలు చాలా రాశాను. వాటిలో ఏదీ నన్ను ఇంత శ్రమ పెట్టలేదు.

ముందు నా గురించి కొంత చెప్పాలి. మాది సంగం వైపు పాత జమీ కుటుంబం. ఎస్టేట్లు రద్దయ్యాక భూమి పోయింది. తర్వాత ఇల్లూ పోయింది. బిట్రగుంటలో నేను బండి దిగినప్పుడు నా వెంట మా అమ్మ, రెండు ట్రంకు పెట్టెలు, ఒక పొడవాటి తోలు సంచి ఉన్నాయి. ఆ సంచిలో మా తాతగారి గోల్ఫ్ కర్రలు ఏడు. ఎవరో తెల్లదొర దేశం వెళ్లిపోతూ ఆయనకు ఇచ్చి పోయాడు. ఇంట్లో సామాను వేలం వేసిన రోజున వాటిని ఎవరూ పాడుకోలేదు. అవి ఏమిటో అక్కడున్నవాళ్లకు తెలియలేదు. నేను మాత్రం వాటిని మా వంశపు గుర్తుగా ఉంచుకున్నాను. మా ఇంట్లో మగపిల్లవాడికి అక్షరాలకంటే ముందు నేర్పేది వీపు నిటారుగా పెట్టి కూర్చోవడం. భూమి పోయాక కూడా ఆ వీపు అలాగే ఉండిపోయింది.

బిట్రగుంట రైల్వే కాలనీలో తెల్లవాళ్ల కాలంనాటి గోల్ఫ్ మైదానం ఒకటి ఉండేది. తొమ్మిది హోళ్లు, అంటే బంతిని పడేయవలసిన తొమ్మిది చిన్న కన్నాలు; ఒక్కోదాంట్లో తక్కువ దెబ్బల్లో వేసినవాడిదే ఆ హోలు. పచ్చిక తివాచీని ఊహించుకోవద్దు. ఎర్రమట్టి, గులకరాళ్లు, అక్కడక్కడా తుమ్మపొదలు. హోలు చుట్టూ నున్నటి గడ్డి ఉండవలసిన చోట ఇసుక ఉండేది. మిగతా ఊళ్లలో దాన్ని గ్రీను అంటారు. మా ఊళ్లో ఉన్నమాట చెప్పుకుని బ్రౌను అనేవాళ్లం. షెడ్డులోని ఇసుక తెచ్చి పరచి, ఇంజను ఇరుసుల్లోంచి తీసేసిన పాత నూనె కలిపి, తొక్కి, చదును చేసేవారు. నూనె కలపకపోతే సాయంకాలం సముద్రం మీదినుంచి వచ్చే గాలికి ఇసుకంతా కొట్టుకుపోయేది. ప్రతి బ్రౌను పక్కనా ఒక పలక ఉండేది. బారెడు చెక్కకు నిలువెత్తు కర్ర బిగించి ఉంటుంది. ఒక జట్టు ఆడి వెళ్లాక అడుగుల జాడలు పోయేటట్టు ఆ పలకను గుండ్రంగా లాగాలి.

షెడ్డుకు ఇసుకతో ఏం పని అని అడగవచ్చు. వానకు తడిసిన పట్టాల మీద చక్రాలు జారితే డ్రైవరు వాటి ముందు ఇసుక వదులుతాడు. చెమ్మ ఉన్న ఇసుక గొట్టంలో గడ్డకడుతుంది. అందుకని షెడ్డులో ఇసుక గది అని ఒకటి ఉంటుంది. అక్కడ ఇసుకను పొయ్యి మీద ఆరబెట్టి, జల్లించి ఇంజన్లకు పోస్తారు. ఆ పని చూసే ఖలాసీ పేరు మస్తాన్. కావలిలో దూది ఏకే ఇంటినుంచి వచ్చినవాడు. యాభై దాటాయి. ఒకప్పుడు ఫస్ట్ ఫైర్‌మన్‌గా చేశాడు. అంటే ఇంజను పొయ్యిలో బొగ్గు వేసేవాళ్లలో పెద్దవాడు, డ్రైవరు పదవికి కొద్ది దూరంలో ఉన్నవాడు. ఇంజను మీద పనిచేసేవాళ్లకు కంటి పరీక్ష కఠినంగా ఉంటుంది. దూరపుచూపు ఒక మెట్టు తగ్గితే చాలు, దించేస్తారు. మస్తాన్‌ను అలాగే దించి ఇసుక గదిలో వేశారు. ఆ తర్వాత చూపు ఇంకా మందగించింది. బ్రౌనుల ఇసుక కూడా అతని చేతిమీదుగానే వెళ్లేది కనుక, వాటి బాగోగులు అతనివే.

ఇక ఏడో హోలు. దానికీ ఆటగాడికీ మధ్య బూడిద దిబ్బ. షెడ్డు పెట్టిన కొత్తలో ఇంజన్లనుంచి దులిపిన బూడిదా చిట్టెమూ తెచ్చి అక్కడ పోశారట. అది లోపల గట్టిపడి, పైన మాత్రం మెత్తగానే ఉండి, రెండు నిలువుల ఎత్తున నిలిచింది. దిబ్బకు అవతల పన్నెండు అడుగుల్లో బ్రౌను. బ్రౌనుకు అవతల, బాయిలర్లు కడిగిన నీళ్లు పోయే కాలువ. బంతిని తక్కువ ఎత్తులో కొడితే దిబ్బలో కూరుకుపోతుంది. దిబ్బ దాటేంత బలంగా కొడితే గట్టి ఇసుక మీద దొర్లి కాలువలో పడుతుంది. నిలువుగా లేచి నిలువుగా దిగే బంతి ఒక్కటే అక్కడ నిలుస్తుంది. చాలామంది ఆ గొడవ లేకుండా దిబ్బ పక్కనుంచి చుట్టూ తిరిగి రెండు దెబ్బలు ఎక్కువ వేసుకునేవారు. దిబ్బ మీదుగా కొట్టబోయి తప్పినవాడికి మాత్రం ఒక కట్టుబాటు ఉండేది. తర్వాతి జట్టు వచ్చేలోగా ఏడో బ్రౌను మీద పలక వాడే లాగాలి. హోదా చూసేవారు కాదు. సైరను మోగి షెడ్డునుంచి ఇళ్లకు పోయే ఖలాసీలు కంచె దగ్గర ఆగి ఆ తమాషా చూసి పోయేవారు.

నేను ఉద్యోగంలో చేరిన మొదటి ఆదివారమే సంచి భుజాన వేసుకుని వెళ్లాను. మా ఫోర్‌మన్ పింటో గారు, స్టేషన్ మాస్టరు సుబ్బరామిరెడ్డి గారు నాతో ఆడారు. పింటో గారు కొత్త ఉక్కు కర్రలు తెప్పించుకున్న మనిషి. తక్కువ మాట్లాడతారు. రెడ్డి గారిది మనుబోలు వైపు వరిపొలాల కుటుంబం. భారీ విగ్రహం, అంతకంటే భారీ నవ్వు. ఆయన ఆటంతా ఒకే ఒక్క కర్రతో ఆడేవారు. మిగతావి మోయడానికి బద్ధకం అనేవారు. నేను మా తాతగారి కర్రలు చూపించి, మా ఇంట్లో గోల్ఫ్ నాతో మూడో తరమని చెప్పాను.

"అట్టనా. అయితే మీరే మాకు నేర్పాల," అన్నారు రెడ్డి గారు.

ఏడో హోలు దగ్గర ఆయన చుట్టూ తిరిగి వెళ్లారు. నేను దిబ్బకు ఎదురుగా నిలబడ్డాను. సంచిలోంచి నిబ్లిక్ తీశాను. వెడల్పాటి ముఖం బాగా వెనక్కి వాలి ఉండే కర్ర అది. బంతిని ఎత్తుగా లేపడానికే చేసినది. మొదటి బంతి బూడిదలో దూరింది. రెండోదీ దూరింది. మూడోది దిబ్బను దాటింది కానీ, బ్రౌను మీద ఒక్క గెంతు గెంతి కాలువలో పడిందని అవతలినుంచి రెడ్డి గారు కేకేశారు. కంచె దగ్గర ఎవరో దగ్గారు.

దిబ్బ చుట్టి బ్రౌను దగ్గరికి వెళ్లాక పింటో గారు పలక వైపు చూశారు. నేను పక్కనే ఉన్న మస్తాన్ వైపు చూసి, లాగమని చెయ్యి ఊపాను. అతను కదలలేదు. నా మాట వినాలో, కట్టుబాటు వినాలో తేలక నిలబడిపోయాడు.

"అది ఆయన పని కాదండీ, జమీందారు గారూ," అన్నారు రెడ్డి గారు. "ఈ దిబ్బ కాడ పెద్దా చిన్నా లేదు. పోయినేడు డివిజన్నుంచి వచ్చిన పెద్దాఫీసరు కూడా టోపీ తీసి పక్కన పెట్టి లాగినాడు."

మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ పలకలు లాగలేదని చెప్పి, సంచి భుజాన వేసుకుని ఇంటికి నడిచాను. వీపు ఎంత నిటారుగా పెట్టుకుని నడిచానంటే, కాలనీ మొదటి వీధి దాటేసరికి మెడ పట్టేసింది.

జరిగింది అమ్మకు చెప్పి, తాతగారే ఉంటే ఆ దిబ్బను ఒక్క దెబ్బకు దాటించేవారని అన్నాను. అమ్మ చాటలో బియ్యం చెరుగుతూ ఉంది.

"నేను కాపరానికొచ్చినంక మామగారు ఆ కర్రల్తో బంతి కొట్టంగా ఒక్కనాడు చూళ్లేదు నాయనా," అంది. "ఆ వెడల్పు మూతిది ఉండాదే, దాంతో పెరట్లో మునక్కాయలు లాగేవారు. మునక్కాయలు మాత్రం బాగా లాగేవారు."

ఆ తర్వాత వారం పది రోజులు షెడ్డులో అందరూ తమ పని తాము చూసుకున్నారు. స్టేషన్నుంచి ఫోను మాత్రం రోజూ మోగేది. రెడ్డి గారు ముందు ఫలానా బండికి ఇంజను అడిగేవారు. అడిగాక, "అసిస్టెంటు గారూ, ఏడో బ్రౌను ఎగుడుదిగుడుగా ఉండాదంట, తమరికేమన్నా తెలుసునా," అని ఫోను పెట్టేసేవారు.

చివరకు ఒక సాయంకాలం, రైల్వే ఉద్యోగులు పేకాడుకుని పేపరు చదువుకునే ఇన్‌స్టిట్యూట్‌లో, నలుగురి ముందు నేను ఆయనతో పందెం కట్టాను. ఏటా ఫిబ్రవరిలో డివిజన్ అధికారుల తనిఖీ అయ్యాక ఆదివారం నాడు పోటీ ఆట ఉండేది. ఆ రోజున నా బంతి దిబ్బ మీదుగా వెళ్లి ఏడో బ్రౌను మీద నిలవాలి. దిబ్బ దాటించడానికి ఒకే ఒక్క దెబ్బ. నిలిస్తే రెడ్డి గారు తెల్ల యూనిఫారం, టోపీ వేసుకుని తొమ్మిది బ్రౌనులూ లాగాలి. నిలవకపోతే మా తాతగారి నిబ్లిక్ ఇన్‌స్టిట్యూట్ గోడకు వేలాడాలి. దాని కింద ఏం రాయాలో కూడా రెడ్డి గారు అప్పుడే చెప్పేశారు. 'మూడో తరం' అని. అందరూ నవ్వారు. పింటో గారు కూడా నవ్వారు.

ఇంటికి వస్తూ ఆలోచించుకున్నాను. మా ఇంటినుంచి నాకు మిగిలింది ఆ సంచి. అందులో పనికొచ్చేది ఆ ఒక్క కర్ర. దాన్ని నేనే తీసుకెళ్లి పందెంలో పెట్టాను.

సాధన మొదలుపెట్టాను. ఇసుక గది వెనక ఖాళీ స్థలం ఉంది. మధ్యాహ్నం ఇంజన్ల రాకపోకలు తగ్గే గంటలో అక్కడికి వెళ్లేవాణ్ణి. ఎదురుగా పాత పట్టాల కట్ట ఒకటి ఉంది. దాన్నే దిబ్బ అనుకుని కొట్టేవాణ్ణి. నేను చేస్తున్న తప్పు ఇప్పుడు చెప్పడం సులభం. బంతి లేవాలి కదా అని, దెబ్బ తగిలే క్షణంలో నేనే వెనక్కి వాలి దాన్ని లేపబోయేవాణ్ణి. కర్ర ముందు గట్టినేలకు తగిలి, ఎగిరి, బంతి నెత్తిన మొట్టేది. బంతి నేలబారుగా పోయి పట్టాలకు తగిలి ఖంగుమని నా దగ్గరికే వచ్చేది. సెప్టెంబరంతా ఇదే.

ఒకరోజు ఇసుక గది లోపలినుంచి మస్తాన్ గొంతు వినబడింది.

"సార్, మీరు బొగ్గును కొడతా ఉండారు."

నేను గుమ్మం దగ్గరికి వెళ్లి, బంతి ఎటు పోయిందో నీకు కనిపించిందా అని అడిగాను. కొంచెం కటువుగానే అడిగాను.

"బంతి నాకు యాడ కనపడతాది సార్. చప్పుడు వినపడింది. కొత్త ఫైర్‌మన్లు పారతో బొగ్గును పొడిస్తే ఇట్నే వస్తాది చప్పుడు. పార బొగ్గు కిందకి పోవాల. బొగ్గును కొట్టకూడదు."

మరి నాకు నేర్పుతావా అని అడగడానికి నాకు మూడు రోజులు పట్టింది. అడిగినప్పుడు మస్తాన్ జల్లెడ మీద ఇసుక దులుపుతూ ఉన్నాడు.

"నేర్పేదేముంది సార్. మీరు ముందు ఏడో బ్రౌను పలక లాగండి. ఆ బాకీ అట్నే ఉండాది," అన్నాడు. నేను బుస్సుమని ఊపిరి వదలడం విని ఉంటాడు. వెంటనే, "మిమ్మల్ని చిన్న చెయ్యాలని కాదు. అది లాగితేనే తెలుస్తాది. ఊరికే నోటితో చెప్తే తెలవదు," అన్నాడు.

మర్నాడు తెల్లవారుతుండగా, కంచె దగ్గర ఎవరూ ఉండని వేళ చూసుకుని వెళ్లాను. మస్తాన్ అప్పటికే వచ్చి కూర్చుని ఉన్నాడు. ముందురోజు సాయంకాలం ఆడినవాళ్ల జాడలు బ్రౌను మీద అలాగే ఉన్నాయి. పలక ఎత్తబోతే ఆగమన్నాడు. ఒంగి, వేళ్లతో ఇసుకను తడుముతూ ఒక్కొక్క జాడా చూపించాడు.

"ఇది చూడండి, పొడుగ్గా గీసినట్టుండాది. ఇది బలంగా వచ్చి పోయింది, కాలవలో పడుంటాది. ఇది చూడండి, కోడిగుడ్డు ఆనవాలు మాదిరి. ఇది కొంచెం పైనుంచి వచ్చింది. అయినా ముందుకు జరిగింది. మీకు కావాల్సింది ఇది కాదు. గుంట గుండ్రంగా ఉండాల. గిన్నె బోర్లించి తీసినట్టు. అట్టాంటిది పడితే బంతి ఆడే ఉంటాది."

బంతిని గాలిలో చూడలేని మనిషి, అది ఎలా వచ్చిందో నేలను ముట్టుకుని చెప్పాడు. నేను ఆ మైదానంలో రెండు నెలలు ఆడాను కానీ బ్రౌను మీద ఒక్క జాడనూ చూడలేదు. జాడలు చెరిపే పని ఇంకొకరిది అనుకున్నవాడికి జాడలు కనిపించవు. పలక అందుకుని మధ్యనుంచి మొదలుపెట్టి గుండ్రంగా లాగాను. వంకరగా వచ్చింది. మస్తాన్ రెండోసారి లాగమన్నాడు. లాగాను. వెనక దగ్గు వినబడింది. కంచె దగ్గర, పొద్దున బండి కోసం పోతూ ఆగిన రెడ్డి గారు నిలబడి ఉన్నారు. ఈసారి ఆయన నవ్వలేదు. టోపీ కొంచెం ఎత్తి, మళ్లీ పెట్టుకుని స్టేషన్‌కు వెళ్లిపోయారు. ఆ రోజునుంచి ఫోనులో బ్రౌను మాట రాలేదు.

తర్వాతి మూడు వారాలు మస్తాన్ నన్ను కర్ర ముట్టుకోనివ్వలేదు. నా చేతికి పార ఇచ్చాడు. ఇసుక గదిలో మనిషెత్తు జల్లెడ గోడకు వాలుగా ఆనించి ఉంటుంది. ఇసుకను పారతో తీసి జల్లెడ పైఅంచు దగ్గర వేయాలి. అక్కడినుంచి అది జారుతూ వస్తే సన్నది కిందికి రాలి, గులకలు ముందుకు దొర్లుతాయి. బలంగా విసిరితే ఇసుక జల్లెడను గుద్దుకుని నీ మొహం మీదికే వస్తుంది. మెత్తగా వేస్తే సగంలోనే పడుతుంది. ఎత్తుగానూ పోవాలి, పోయినచోట నెమ్మదిగానూ వాలాలి. నాకు కావలసిన దెబ్బ అదే. ఆ గదిలో అది రోజూ వందలసార్లు జరుగుతూనే ఉంది.

మొదటి రోజులు ఇసుకంతా నా చొక్కాలోకే వచ్చింది. అసిస్టెంట్ ఫోర్‌మన్ ఇసుక జల్లిస్తున్నాడని షెడ్డంతా పాకింది. ఫిట్టర్లు లేని పని కల్పించుకుని అటుగా నడిచేవారు. ఒక చార్జ్‌మన్, పింటో గారు నన్ను ఖలాసీగా దించారా అని ఎవరినో అడిగాడట.

"సార్, మీరు పారను ఎత్తుతా ఉండారు. పారను పోనియ్యండి. ఇసక దానికదే లేస్తాది," అనేవాడు మస్తాన్. నా వీపు బిర్రబిగిసి ఉండడం అతనికి కనిపించకపోయినా, ఊపిరి చప్పుడును బట్టి తెలిసిపోయేది. ఒకరోజు విసుగొచ్చి, నేను వీపు వంచలేను, మా ఇంట్లో అలవాటు లేదని చెప్పాను.

"వంచమని నేనడగలా. వీపు అట్నే పెట్టుకోండి, బాగుండాది. మోకాళ్లు వదలండి చాలు."

మోకాళ్లు వదిలాను. పార తనంతట తాను ఇసుక కిందికి జారింది. ఇసుక పలచటి తెరలాగా లేచి, జల్లెడ పైఅంచు మీద వాలి, సర్రుమని జారింది. మస్తాన్ బీడీ తీసి ముట్టించుకున్నాడు. అతని దగ్గర మెప్పు అంటే అదే.

నవంబరు వానలు తెరిపి ఇచ్చాక నిబ్లిక్ తీసుకెళ్లాను. మస్తాన్ దాని అడుగును బొటనవేలితో తడిమి చూశాడు. అడుగు పార అంచులాగా పలచగా ఉంది. పింటో గారి కొత్త ఉక్కు కర్రకు కింద పొట్ట ఉందని, మా గట్టినేల మీద అది ఎగురుతుందని, ఇది మాత్రం జారుతుందని చెప్పాడు. మా తాతగారికి తెలియకుండానే ఆయన ఇంట్లో ఈ నేలకు సరిపోయే కర్ర ఉంది. ముఖం ఆకాశం వైపు తిప్పి పట్టుకున్నాను. బంతిని మరచిపోయి, దాని కింద నేల మీద పార జారుస్తున్నాననుకున్నాను. బంతి నా గడ్డం ముందునుంచే పైకి లేచింది. పట్టాల కట్టను దాటి, అవతల తడి ఇసుక మీద పడి, అక్కడే ఉండిపోయింది. నేను గట్టిగా నవ్వాను. షెడ్డులో నేను నవ్వగా విన్నది అదే మొదటిసారని ఒక ఫిట్టరు తర్వాత నాతో చెప్పాడు.

నవ్వడం తొందరపాటే. తర్వాతి పదీ పాడయ్యాయి. కానీ జనవరి వచ్చేసరికి పదింటిలో ఆరేడు గుండ్రటి గుంటలు పడుతున్నాయి. ప్రతి గుంటనూ మస్తాన్ తడిమి చూసేవాడు. నేను పలక లాగి చెరిపి, మళ్లీ కొట్టేవాణ్ణి. ఇంక భయం గాలి ఒక్కటే. ఏడో హోలు తూర్పు ముఖం. సాయంకాలం సముద్రపు గాలి ఎదురుగా కొడుతుంది. ఎత్తుగా లేచిన బంతిని అది వెనక్కి తోసి బూడిదలో పడేస్తుందని నా దిగులు. మస్తాన్‌తో అన్నాను.

"ఎదురుగాలికి మన ఇంజను పొగ ఏం చేస్తాది సార్?"

పైకి లేచి వెనక్కి పోతుందని చెప్పాను.

"మరి ఇంకేం. నాలుగడుగులు ఎక్కువ పోయేటట్టు కొట్టండి. గాలి దాన్ని పట్టుకుని మీ కోసరం కిందకి దించతాది."

ఫిబ్రవరి వచ్చింది. తనిఖీ సజావుగా ముగిసింది. ఆదివారం సాయంకాలం పోటీ. నాకు ఎదురు ఆడేది రెడ్డి గారే. ఆరో హోలు అయ్యేసరికి ఆయన ఒక్క కర్రతో నాకంటే రెండు హోళ్లు ముందున్నారు. దాని గురించి ఎవరూ పట్టించుకోవడం లేదు. ఏడో దగ్గర కంచె పొడుగునా జనం. ఖలాసీలు, ఫైర్‌మన్లు, వాళ్ల ఇంటివాళ్లు, డివిజన్నుంచి వచ్చిన ఇద్దరు ఆఫీసర్లు. మా అమ్మ కూడా పక్కింటివాళ్లతో వచ్చి గొడుగు కింద నిలబడింది. మస్తాన్ దిబ్బకు అవతల, బ్రౌను పక్కన, పలక పట్టుకుని ఉన్నాడు.

నా మొదటి దెబ్బ దిబ్బకు ఇవతల పదిహేను అడుగుల్లో ఆగింది. కింద గడ్డి పోచ కూడా లేని గట్టినేల. రెడ్డి గారు ఎప్పటిలాగే చుట్టూ తిరిగి వెళ్తూ నా పక్కన ఆగారు.

"అసిస్టెంటు గారూ, మేకు కొట్టించి పెట్టినా గోడకి. తొందరేం లేదు, నిదానంగా కొట్టండి," అన్నారు.

గాలి ఎదురుగా బాగానే ఉంది. నిబ్లిక్ ముఖం పైకి తిప్పాను. వీపు ఎప్పటిలాగే పెట్టుకున్నాను. మోకాళ్లు వదిలాను. దెబ్బ తగిలిందని నాకు తెలియలేదు. పార ఇసుకలోకి దిగినప్పుడు వచ్చే సర్రుమన్న చప్పుడు మాత్రం విన్నాను. బంతి దిబ్బకంటే చాలా ఎత్తుకు లేచింది. అక్కడ గాలి దాన్ని ఒక్క క్షణం పట్టి నిలిపింది. తర్వాత అది నిలువుగా దిబ్బ వెనక్కి దిగిపోయింది.

ఇవతలినుంచి బ్రౌను కనబడదు. కంచె దగ్గరినుంచి అక్కడి మనుషులు కనబడతారు కానీ ఇసుక మీద బంతి ఆనదు. అందరం మస్తాన్ కోసం చూస్తున్నాం. అతనికీ బంతి కనబడలేదు. అతను పలక కింద పెట్టి, చప్పుడు వచ్చిన చోటికి నడిచి, ఒంగి ఇసుకను తడిమాడని తర్వాత రెడ్డి గారు చెప్పారు. చాలాసేపు పట్టింది. చివరకు దిబ్బ అవతలినుంచి గొంతు వచ్చింది.

"గుండ్రంగా ఉండాది సార్."

ఎనిమిదో ఏట పరుగెత్తినందుకు ఇంట్లో చీవాట్లు తిన్నాక నేను నలుగురిలో పరుగెత్తి ఎరగను. ఆ రోజు తెల్ల బూట్లతో బూడిద దిబ్బ మీదికి పరుగెత్తాను. మోకాళ్ల దాకా దిగబడుతూ పైకి చేరి చూశాను. బ్రౌను నడుమ గుండ్రటి గుంట. దానికి జానెడు దూరంలో బంతి. హోలుకు నాలుగడుగులు. కంచె వైపునుంచి ఒక్కసారిగా అరుపులు, ఈలలు. యార్డులో ఎవరో డ్రైవరు ఇంజను కూత వేశాడు. ఆ కూతకు సంజాయిషీ అడగవలసింది నేనే. అడగలేదు.

ఆ సంతోషంలో ఆ నాలుగడుగుల బంతిని నేను హోలులో వేయలేకపోయాను. రెండుసార్లు తప్పాను. హోలూ రెడ్డి గారిదే, తర్వాత ఆటా ఆయనదే. పందెం మాత్రం నాది. ఆయన ఇంటికి వెళ్లి తెల్ల యూనిఫారం, టోపీ, ఛాతీ మీద బిళ్లతో సహా వేసుకుని వచ్చి, మొదటి బ్రౌనునుంచి మొదలుపెట్టారు. వెనక జనం ఊరేగింపుగా నడిచారు. ఏడో దగ్గరికి వచ్చేసరికి మస్తాన్ అడ్డం నిలిచాడు.

"ఆ గుంట చెరపబాకండి సార్."

"చెరపన్లేవయ్యా, పూజ చేసుకో దానికి," అన్నారు రెడ్డి గారు. దాని చుట్టూ జాగ్రత్తగా లాగి వదిలేశారు. రెండు రోజులకు గాలే దాన్ని పూడ్చింది.

ఎనిమిదో బ్రౌను అయ్యేసరికి ఆయనకు బాగా ఆయాసం వచ్చింది. తొమ్మిదోదానికి పలక నేను అందుకున్నాను. ఎవరూ అడగలేదు. మధ్యనుంచి మొదలుపెట్టి గుండ్రంగా లాగాను. వంకర రాలేదు. కంచె దగ్గర ఈసారి ఎవరూ దగ్గలేదు. ఇంటికి వెళ్లాక మా అమ్మ నిబ్లిక్ అడిగి తీసుకుని, పక్కింటివాళ్ల చెట్టునుంచి నాలుగు మునక్కాయలు లాగింది.

నేను బిట్రగుంటలో ఏడేళ్లు ఉన్నాను. మస్తాన్ 1965లో రిటైరయ్యాడు. ఆ తర్వాత వేరే షెడ్లలో ఫోర్‌మన్‌గా చేశాను. ఎక్కడ చేసినా, కొత్తగా వచ్చిన అసిస్టెంటుకు కుర్చీ చూపించే ముందు వారం రోజులు ఇసుక గదిలో పార ఇచ్చేవాణ్ణి. కొందరు చిన్నబుచ్చుకునేవారు. పని చేసేవాడి చేతిలో తెలివి ఉంటుందని, అది ఆ పనిముట్టు పట్టుకుంటేనే ఇవతలికి వస్తుందని మాటలతో చెబితే వాళ్లు నమ్మరని నాకు తెలుసు. నేనూ నమ్మలేదు. నాకది తెలియడానికి జూలైనుంచి ఫిబ్రవరి దాకా పట్టింది. మామూలు ఫైర్‌మన్‌కు నెల సరిపోతుందని మస్తాన్ అనేవాడు.